మొదటి ఎర్రర్ దగ్గరే ఆగండి

ఇంకో కోర్సుకు ఫీజు కట్టే ముందు, రెజ్యూమేలో ఇంకో టెక్నాలజీ పేరు చేర్చే ముందు, ఒక ఆదివారం ఖాళీ చేసుకోండి. ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంటే సరే. విండోసే ఉంటే దాంట్లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకుని ఉబుంటు తెరవండి. ఎవరో సిద్ధం చేసి ఇచ్చిన ఇన్‌స్టాలర్ జోలికి పోకుండా, ఒక లైబ్రరీని సోర్స్ కోడ్ నుంచి మీరే బిల్డ్ చేయండి. నేను సూచించేది లిబ్‌ఈబీఎంఎల్, దాని మీద ఆధారపడిన లిబ్‌మట్రోస్కా. వీఎల్‌సీ ప్లేయర్ ఎంకేవీ ఫైళ్లు చదివేది ఈ జంట సాయంతోనే.

పని మొదలుపెట్టాక తెర మీద ఎర్రర్లు వస్తాయి. రావాలి కూడా. చదువుంది, తెలివుంది, కష్టపడే గుణం ఉంది. అయినా మనిషి చతికిలబడే చోటు ఒకటుంది. అర్థం కాని మాట ఎదురైన మొదటి అర నిమిషం. ఆ అర నిమిషంలో కొందరు టెర్మినల్ మూసేస్తారు. కొందరు ఎక్కడో దొరికిన కమాండ్లన్నీ కాపీ కొట్టి అతికించేస్తారు. కొందరు మాత్రం ఎదురుగా ఉన్నది చదువుతారు. ఈ మూడో రకంలో చేరడం ఎవరికైనా సాధ్యమే, సాధన కావాలి. ఆ సాధనకు సోర్స్ నుంచి బిల్డ్ చేయడమంత చౌకైన, నిజాయితీ గల వ్యాయామం నాకు ఇంకోటి కనబడలేదు. మార్కులు వేసేవాళ్లుండరు, మెప్పించాల్సిన మనిషి ఉండరు. అయిందా లేదా అన్నది యంత్రమే చెబుతుంది.

ముందు ఏం కడుతున్నారో తెలుసుకోండి. ఒక సినిమా ఫైల్లో బొమ్మ ఒక్కటే ఉండదు. తెలుగు ఆడియో, పక్కన హిందీ డబ్బింగ్, సబ్‌టైటిల్స్, చాప్టర్లు అన్నీ ఉంటాయి. బొమ్మనూ శబ్దాన్నీ కుదించేది కోడెక్. వాటన్నిటినీ ఒకే ఫైల్లో వరసగా పేర్చి, ఏ ముక్క ఏ క్షణంలో రావాలో రాసిపెట్టేది కంటెయినర్. ఎంపీ4, ఏవీఐ, ఎంకేవీ అన్నవి కంటెయినర్లు. వీటిలో ఎంకేవీకి మూలమైన మట్రోస్కా 2002 డిసెంబర్‌లో మొదలైంది. ఎంసీఎఫ్ అనే అంతకుముందరి ప్రాజెక్టు నుంచి స్టీవ్ లోమ్ దాన్ని వేరు చేశారు. ఫైల్ నిర్మాణానికి ఈబీఎంఎల్ అనే పద్ధతి వాడాలా వద్దా అన్న దగ్గర వచ్చిన తేడాయే ఆ చీలికకు ప్రధాన కారణం. 2010 మేలో గూగుల్ ప్రకటించిన వెబ్‌ఎం కూడా మట్రోస్కాలో ఒక భాగాన్ని తీసుకుని కట్టిందే. ఈబీఎంఎల్ 2020 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 8794 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా, మట్రోస్కా 2024 అక్టోబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 9559గా ప్రచురితమయ్యాయి. రెండింటి మీదా రచయితలుగా ఉన్నవాళ్లు స్టీవ్ లోమ్, మోరిట్జ్ బుంకుస్, డేవ్ రైస్.

2002 నుంచి 2024 దాకా లెక్క వేయండి. 22 ఏళ్లు. ఫార్మాట్ అప్పటికే ప్రపంచమంతా వాడుకలో ఉంది. ఇంకా కూర్చుని, ఒక్కో ఎలిమెంట్‌కీ అర్థం సందిగ్ధం లేకుండా వాక్యాల్లో రాసి, పదిమందీ వేసిన ప్రశ్నలకు జవాబులిచ్చి, ప్రమాణంగా నిలబెట్టారు. ఆరు నెలల్లో ఫలితం కనబడలేదని దారి మార్చుకునేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ ఇదే. పని నడుస్తున్నా, దాన్ని సరిగా రాసిపెట్టడం మిగిలే ఉంటుంది.

ఈ రెండు లైబ్రరీలనే ఎంచుకోమనడానికి ఒక కారణం వాటి పరిమాణం. మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా రోజంతా ఎదురు చూడనక్కర్లేదు. ఇంకో కారణం, ఇది రెండంతస్తుల పని: కింద ఈబీఎంఎల్ లేకపోతే పైన మట్రోస్కా లేవదు. అసలు కారణం మాత్రం ఆ ఫార్మాట్‌లో ఉన్న క్రమశిక్షణ. దాని దగ్గర కాసేపు ఆగుదాం.

ఈబీఎంఎల్‌లో ప్రతి ఎలిమెంట్‌కూ మూడు భాగాలు: తానెవరో చెప్పే ఐడీ, తన పొడవు చెప్పే సైజు, ఆ తర్వాత డేటా. ఏ ఎంకేవీ ఫైలునైనా హెక్స్ వ్యూయర్‌లో తెరవండి. మొదటి నాలుగు బైట్లు ఇవే కనబడతాయి: 1ఏ, 45, డీఎఫ్, ఏ3. ఆ 1ఏని బైనరీలో రాస్తే 00011010. ఎడమ వైపు మూడు సున్నాలు, ఆ తర్వాత ఒకటి. ఈ ఐడీ మొత్తం నాలుగు బైట్లని మొదటి బైటే చెప్పేసిందన్నమాట. సున్నాల్లేకుండా నేరుగా ఒకటితో మొదలైతే ఒక్క బైటుతో సరి. సైజు రాయడానికీ ఇదే పద్ధతి. ఒక బైటులో 126 దాకా రాయొచ్చు, అవసరమైతే ఎనిమిది బైట్ల దాకా పెరగొచ్చు. తనకు తెలియని ఐడీ ఎదురైతే చదివే ప్రోగ్రామ్ ఆగిపోదు. సైజు చూసుకుని అంత మేరా దాటి, తర్వాతి ఎలిమెంట్ దగ్గరకు వెళ్తుంది. ఇన్నేళ్లలో ఎన్నో కొత్త ఎలిమెంట్లు చేరినా పాత ప్రోగ్రామ్‌లు కొత్త ఫైళ్ల ముందు కూలబడకపోవడానికి కారణం ఇది.

కొత్త ఉద్యోగంలో చేరి, లక్షల వరసల కోడ్ ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు ఈ పద్ధతే పాటించండి. తెలియని మాట తగిలిన ప్రతిసారీ ఆగి అంతు తేల్చుకోవాలనుకుంటే సాయంత్రానికి మొదటి ఫైలు కూడా దాటరు. కాగితం మీద దాని పేరు రాయండి. అది ఎంత మేర విస్తరించిందో, ఎన్ని ఫైళ్లలో కనబడుతోందో పక్కన గుర్తు పెట్టండి. ముందుకు కదలండి. వారం తిరిగాక ఆ కాగితంలో సగం మాటలు వాటంతటవే విడిపోతాయి. మిగిలిన సగం పట్టుకుని సీనియర్ దగ్గరకు వెళ్తే, మీ ప్రశ్నలకు విలువ ఉంటుంది.

ఇక పనిలోకి దిగుదాం. ఉబుంటులో బిల్డ్ ఎసెన్షియల్ ప్యాకేజీ పెడితే కంపైలర్, మేక్ వస్తాయి. సీమేక్, గిట్ కూడా పెట్టుకోండి. రెండు రిపాజిటరీలూ క్లోన్ చేసి, కమాండ్ కొట్టే ముందు రీడ్‌మీ పూర్తిగా చదవండి. మనవాళ్లలో చాలామందికి రీడ్‌మీ అంటే ఇరుక్కున్నాక తెరిచేది. ముందే చదివితే ఎక్కడ ఇరుక్కోవచ్చో తెలిసి ఉంటుంది.

బిల్డ్ కోసం విడిగా ఒక ఫోల్డర్ పెట్టి, సీమేక్‌కు సోర్స్ ఇక్కడుంది, బిల్డ్ అక్కడ చెయ్యి అని చెప్పండి. ఎందుకంటే ఏదైనా చెడితే ఆ ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు, సోర్స్ మీద గీత కూడా పడదు. ఇన్‌స్టాల్ కూడా మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఒక చోటికి చేయండి. సీమేక్ ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్ అనే వేరియబుల్ ఇందుకే ఉంది. అది ఇవ్వకపోతే సిస్టమ్ అంతటికీ చెందిన యూఎస్ఆర్ లోకల్‌లోకి వెళ్తుంది, దానికి సూడో కావాలి. పర్మిషన్ లేదని రాగానే ముందొక సూడో తగిలించడం చెడ్డ అలవాటు. ఎందుకు అడ్డుపడిందో తెలుసుకోకుండానే ఆ అడ్డు తీసేసినట్టవుతుంది.

ధైర్యవంతులు ఎక్కువ రిస్క్ తీసుకుంటారని వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో చెబుతుంటారు. నేను ఒప్పుకోను. నిజంగా ధైర్యంగా ప్రయోగాలు చేసేవాళ్లను దగ్గర నుంచి చూడండి. పొరపాటు జరిగితే పోయేది ఎంతో ముందే తగ్గించి పెట్టుకుంటారు. ఉద్యోగం మారాలన్నా, చిన్న వ్యాపారం పెట్టాలన్నా, పదిమంది ముందు మాట్లాడాలన్నా అంతే. తీసేసి మళ్లీ మొదలుపెట్టగలిగే ఫోల్డర్ మీకుంటే చేతులు వణకవు.

ఇప్పుడు కావాలనే ఒక పని చేయమంటాను. లిబ్‌ఈబీఎంఎల్ ఇంకా కట్టకుండానే లిబ్‌మట్రోస్కాను కాన్ఫిగర్ చేసి చూడండి. మీ సిస్టమ్‌లో దాని డెవలప్‌మెంట్ ప్యాకేజీ ముందే లేకపోతే సీమేక్ ఆగిపోతుంది. చివరన కాన్ఫిగరేషన్ పూర్తి కాలేదు, ఎర్రర్లు వచ్చాయి అన్న వరస ఉంటుంది. చాలామంది చదివేది ఆ ఒక్క వరసే. దాంట్లో సమాచారం ఏమీ లేదు. తెరను పైకి జరపండి. ఈబీఎంఎల్ అనే ప్యాకేజీకి కాన్ఫిగరేషన్ ఫైలు దొరకలేదు, ఫలానా పేర్ల కోసం వెతికాను, అది ఇన్‌స్టాలై ఉంటే ఆ చోటును సీమేక్ ప్రిఫిక్స్ పాత్‌లో చేర్చు, లేదా ఈబీఎంఎల్ డీఐఆర్ అనే వేరియబుల్‌లో ఇవ్వు అని రాసి ఉంటుంది. ఏది లేదో, ఏ పేరుతో వెతికిందో, మీరు ఏం చేయాలో మూడూ చెప్పింది. ఇంతకన్నా మర్యాదగా ఏ మనిషీ చెప్పలేడు. అయినా దాన్ని తిట్టుగా తీసుకుని ముఖం తిప్పుకుంటాం. ఎర్ర అక్షరాలు కనబడగానే చిన్నప్పుడు ఎర్ర సిరాతో కొట్టేసిన జవాబు పత్రం గుర్తొచ్చి బిగుసుకుపోవడం మనలో బాగా పాతుకుపోయింది. ఎర్రర్ మెసేజ్ మీ విలువ గురించి ఏమీ అనడం లేదు. దానికి మీరెవరో కూడా తెలియదు.

సీ ప్లస్ ప్లస్ కంపైలర్ దగ్గర ఇది ఇంకా స్పష్టం. ఒక హెడర్ ఫైలు దొరక్కపోతే దాని వెనకే ఫలానా పేరు తెలియదు, ఫలానా టైపు తెలియదు అంటూ పేజీలకు పేజీలు వస్తాయి. వందల ఎర్రర్లని హడలిపోతాం. నిజానికి తప్పు ఒకటే, మిగతావన్నీ దాని నీడలు. వేగం కోసం అన్ని కోర్ల మీదా కంపైల్ చేస్తుంటే వేర్వేరు ఫైళ్ల మెసేజ్‌లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి కూడా. అలాంటప్పుడు ఒకే జాబ్‌తో మళ్లీ నడపండి. అవుట్‌పుట్ మొత్తం ఒక ఫైల్లోకి మళ్లించి, ఎర్రర్ అన్న మాట మొదట ఎక్కడ వచ్చిందో వెతకండి. దాన్ని సరిచేసి మళ్లీ నడపండి. కింద ఉన్న వాటిని ఇంకా ముట్టుకోవద్దు.

ఆఫీసులో ప్రాజెక్టు ఆలస్యమైతే జరిగే మీటింగ్ గుర్తు చేసుకోండి. చివరగా పని అందుకున్న టెస్టింగ్ వాళ్ల మీద పడతారు. నెలల కిందట క్లయింట్ అడిగినదేమిటో ఎవరూ రాసుకోలేదన్న విషయం ఎవరికీ తట్టదు. ఇంట్లో గొడవల్లోనూ చివర అన్న మాటే అందరికీ గుర్తుంటుంది. పైకి జరిపి చదివే అలవాటు తెర మీద పడితే మాటల్లోనూ మెల్లగా పడుతుంది. నేను ఈ సాధన గురించి ఇంతగా చెప్పడం అందుకే.

లిబ్‌ఈబీఎంఎల్ కట్టి, హోమ్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి, ఆ దారి లిబ్‌మట్రోస్కాకు చెప్పండి. కాన్ఫిగర్ సాఫీగా సాగుతుంది. షేర్డ్ లైబ్రరీ కావాలంటే బిల్డ్ షేర్డ్ లిబ్స్ అనే ఆప్షన్‌ను ఆన్ చేయాలి, లేకపోతే స్టాటిక్ లైబ్రరీ తయారవుతుంది. రెండు రకాలుగానూ కట్టి చూడండి. తర్వాత ఈ లైబ్రరీని వాడుతూ ఒక చిన్న ప్రోగ్రామ్ రాయండి: ఫైలు తెరిచి, ఈబీఎంఎల్ హెడర్ చదివి, ఫైలు ఏ రకమో చెప్పే డాక్‌టైప్ మట్రోస్కానా వెబ్‌ఎమ్మా అని చెబితే చాలు. ఇక్కడ పని ఆగితే ఎక్కడ ఆగిందో చూడడం నేర్చుకోండి. హెడర్ దొరకలేదంటే కంపైల్ దశ. అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటే కంపైల్ అయిపోయింది, లింకర్‌కు లైబ్రరీ పేరు ఇవ్వలేదు లేదా ఇచ్చిన క్రమం తప్పు. షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైలు తెరవలేకపోయాను అంటే లింకింగ్ కూడా అయిపోయింది, నడిపే సమయంలో లోడర్‌కు దారి తెలియలేదు. ఎల్‌డీడీ కమాండ్ ఇచ్చి ఏది దొరకలేదో చూసి, ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో ఆ ఫోల్డర్ చేర్చండి. ఈ మూడింటినీ కలిపి పని చేయట్లేదు అనేవాళ్లకు, మూడింటినీ మూడు పేర్లతో పిలవగలిగేవాళ్లకు జీతంలో కూడా తేడా ఉంటుంది.

సాయం అడగడం గురించి. కాలేజీ వాట్సాప్ గ్రూపులో మనం చూసే మెసేజ్ ఇలా ఉంటుంది: "అన్నా, బిల్డ్ అవట్లేదు, అర్జెంట్." కింద ఫోన్‌తో వంకరగా తీసిన తెర ఫొటో. ఆ అన్న మంచివాడే, కానీ ఆయనకు జ్యోతిషం రాదు. దీన్ని ఇలా మార్చండి: "అన్నా, ఉబుంటు ఫలానా వెర్షన్ మీద లిబ్‌మట్రోస్కా కాన్ఫిగర్ చేస్తున్నాను. లిబ్‌ఈబీఎంఎల్‌ను హోమ్‌లో ఇన్‌స్టాల్ చేశాను. ప్రిఫిక్స్ పాత్ ఇచ్చినా దొరకలేదంటోంది. ఇచ్చిన కమాండ్, మొదటి ఎర్రర్ కింద పెట్టాను." ఇది రాస్తుండగానే సగం సార్లు తప్పు మీకే కనబడుతుంది. కనబడకపోతే జవాబు త్వరగా వస్తుంది. అడగడానికి సిగ్గుపడే పిల్లలకు నేను చెప్పేది, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్ గురించి బెంగపడేవాళ్లకు చెప్పేది ఒకటే. ఇలాంటి ప్రశ్నలో వ్యాకరణం ఎవరూ చూడరు. వెర్షన్, కమాండ్, ఎర్రర్ ఉన్నాయా అని చూస్తారు. మీ చేతిలో అవి ఉంటే ప్రపంచంలో ఏ మెయిన్‌టెయినర్ ముందైనా తల ఎత్తుకుని నిలబడొచ్చు.

వెర్షన్ అన్నది ఊరికే చెప్పే మాట కాదు. 2021లో లిబ్‌ఈబీఎంఎల్‌లో ఒక భద్రతా లోపం బయటపడింది, 1.4.2 కంటే ముందు వెర్షన్లలో. స్ట్రింగ్ డేటా చదివే ఫంక్షన్లలో హీప్ ఓవర్‌ఫ్లో. దాన్ని 1.4.2లో సరిచేశారు. గిట్‌లో ఆ మార్పు వెతికి చదవండి. మార్పుల జాబితాలో లోపం ఏమిటో, ఏ ఫంక్షన్లలో ఉందో, ఏం చేశారో దాపరికం లేకుండా ఉంటుంది. సాకులుండవు, ఎవరినీ నిందించడం ఉండదు. మన దగ్గర తప్పు బయటపడితే ముందు దాన్ని కప్పే వాక్యం వెతుక్కుంటాం. ఆ జాబితా నాలుగైదు పేజీలు చదివితే తప్పు గురించి పెద్దవాళ్లు ఎలా రాస్తారో తెలుస్తుంది. అలాగే రాయడం అలవాటు చేసుకోండి, ఆఫీసు మెయిల్‌లో కూడా.

మట్రోస్కా ప్రమాణంలో నన్ను బాగా ఆలోచింపజేసిన చిన్న విషయం ఒకటుంది. ప్రతి ట్రాక్‌కూ భాష చెప్పే ఎలిమెంట్ ఉంటుంది. ఫైల్లో దాన్ని రాయకపోతే దాని డిఫాల్ట్ విలువ ఇంగ్లిష్. తెలుగు ఆడియో ఉన్న ఫైలు తయారుచేసినవాళ్లు ఆ ఎలిమెంట్ వదిలేస్తే, ప్రమాణం ప్రకారం అది ఇంగ్లిష్ ట్రాక్ కిందే లెక్క. ఎంకేవీ ఫైళ్లు తయారుచేసే ఎంకేవీటూల్‌నిక్స్ లాంటి పనిముట్లు ఆ చోట భాష తెలియదని గుర్తు పెడతాయి. అయినా తెలుగు అని రాదు. అది తెలుగు అని రాయాల్సింది మనమే. మూడక్షరాల గుర్తులో తెలుగుకు టీఈఎల్ ఉంది. రాయడానికి రెండు సెకన్లు పట్టదు. జీవితంలో కూడా మీరు రాయని చోట ఎవరో ఎప్పుడో పెట్టిన డిఫాల్ట్ నడిచిపోతుంటుంది: ఇంటర్ అయ్యాక ఏ కోర్సు, ఇంజనీరింగ్ అయ్యాక ఏ దేశం, ఏ వయసులో ఏం. ఆ డిఫాల్ట్ మీకు నప్పితే ఉంచుకోండి, తప్పేం లేదు. కానీ ఒకసారి ఆ ఎలిమెంట్ తెరిచి చూసి ఉంచుకోండి.

ఇదే ఫార్మాట్‌లో ఫాంట్‌ను కూడా ఫైల్‌తో పాటే జత చేసి పంపొచ్చు. తెలుగు సబ్‌టైటిల్స్ చేసేవాళ్లకు ఇది వరం. చూసేవాళ్ల కంప్యూటర్‌లో సరైన తెలుగు ఫాంట్ లేకపోతే అక్షరాల చోట డబ్బాలు వస్తాయి, ఫాంట్ జత చేస్తే ఆ బాధ తగ్గుతుంది. ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చుకోవడానికి లిబ్‌ఆస్ లాంటి సబ్‌టైటిల్ లైబ్రరీ హార్ఫ్‌బజ్ అనే ఇంకో లైబ్రరీ సాయం తీసుకుంటుంది. మన అక్షరం తెర మీద నిండుగా నిలబడడం వెనక ఇన్ని లైబ్రరీలు ఉన్నాయని, వాటిని ఎవరైనా తెరిచి చదవొచ్చని, సరిచేయొచ్చని తెలిసినప్పుడు నాకు కలిగే సంతోషం మీకూ కలగాలని కోరిక.

బిల్డ్ అయిన లైబ్రరీని మట్రోస్కా వాళ్లే ఇచ్చిన పరీక్ష ఫైళ్ల మీద నడపండి. మొత్తం 8 ఉన్నాయి, బిగ్ బక్ బన్నీ, ఎలిఫెంట్స్ డ్రీమ్ అనే స్వేచ్ఛగా వాడుకోగల చిత్రాల ముక్కలతో చేసినవి. ఒకటి ప్రత్యక్ష ప్రసారంలా సైజు ముందు తెలియని ఫైలు. ఇంకొకదాంట్లో మధ్య మధ్య చెత్త డేటా కావాలనే పెట్టారు. మీ చిన్న ప్రోగ్రామ్‌లో హెడర్ తర్వాతి ఎలిమెంట్లను కూడా ఒక్కొక్కటే చదివిస్తూ వెళ్లండి. ఆ ఫైళ్ల దగ్గర ఎక్కడ తడబడిందో చూడండి.

అది అయ్యాక ఎంకేవీటూల్‌నిక్స్ ఎత్తుకోండి. క్యూట్, బూస్ట్ వంటి బరువైన లైబ్రరీలు కావాలి, మేక్ బదులు రూబీలో రాసిన రేక్ వాడతారు, సమయం బాగా పడుతుంది. కాన్ఫిగర్ ఏది లేదన్నా ఈసారి మీరు నేరుగా పైకి వెళ్లి చదువుతారు. ఆ దారిలో రీడ్‌మీలో ఒక ప్యాకేజీ పేరు పాతబడి ఉందనో, ఒక అడుగు రాయడం మరిచారనో తప్పకుండా ఎక్కడో తగులుతుంది. ఆ ఒక్క వాక్యం మీరే సరిచేసి పంపండి. మీకన్నా ముందు ఎవరైనా అదే విషయం అడిగారేమో పాత ఇష్యూలు ఒకసారి వెతికి, మార్పు చిన్నదిగా ఉంచి, ఏ ఉబుంటు మీద, ఏ సీమేక్ లేదా రేక్ వెర్షన్‌తో చూశారో కమిట్ మెసేజ్‌లో రాయండి.